వ్యానులోకి బరువు లాగే వించి



ఆయిల్ ఇంజనో, పవర్ టిల్లరో మరమ్మతుకు పట్నం తీసుకుపోవాలంటే మనం ఏం చేస్తాం? నలుగురిని కేకేస్తాం. వ్యాను వెనక రెండు పలకలు వాలుగా వేసి తోస్తాం. తోసేవాళ్ళంతా బరువుకు కిందవైపే వుంటారు. పలక జారిందంటే అది వచ్చి పడేది ఎవరి కాళ్ళమీద?

అందుకే వ్యాను లోపల, ముందువైపున, ఒక వించి బిగించుకొమ్మంటున్నాం. ఇదేమీ వింత యంత్రం కాదు. డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టి, పళ్ళచక్రాలతో తిప్పడమే. మోటబావిలో ఎద్దులు చేసిన పని ఇక్కడ చేతిపిడి చేస్తుంది.

ఎంత బలం గల వించి కావాలని అడగొచ్చు. వ్యాను నేల రెండున్నర అడుగుల ఎత్తున వుందనుకుందాం. ఎనిమిది అడుగుల పలకలు వేస్తే, 480 కిలోల టిల్లరుకు వాలు వల్ల పడే లాగుడు 150 కిలోలు. చక్రాల రాపిడి కలిపితే 200 అనుకోండి. అదే బరువున్న ఇంజను చక్రాలు లేకుండా చెక్కదిమ్మెల మీద ఈడ్చుకుంటూ ఎక్కాలంటే 350 దాటవచ్చు. ఇనుపగొట్టం ముక్కలు కింద దొర్లిస్తే చాలా తేలిక. పైగా వించి మీద రాసిన బలం డ్రమ్ముపై మొదటి వరుస తాడుకు మాత్రమే. చుట్లు పేరుకొని డ్రమ్ము లావెక్కేకొద్దీ లాగే సత్తువ తగ్గుతుంది. కనుక సామాను మొత్తం బరువుకు తక్కువ కాని వించినే కొనండి. చేతివించి అయితే దానంతట అదే పట్టుకునే బ్రేకు వున్నది తీసుకోవాలి. అది లేని రకంలో చెయ్యి జారితే పిడి గిర్రున వెనక్కు తిరిగి మణికట్టు విరుగుతుంది.

బిగింపులోనే అసలు సంగతి వుంది. వ్యాను నేల రేకును నమ్మకండి. నాలుగు బోల్టులు రేకుకే వేస్తే మొదట వంగుతుంది, తర్వాత చిరిగి వూడివస్తుంది. కింద ఛాసీ అడ్డకమ్మీ ఎక్కడున్నదో చూసి, దళసరి ఇనుప పలకను పట్టీలతో ఆ కమ్మీకి పట్టించి, దానికి వించి బిగించాలి. రంధ్రం వేసేముందు బండి కింద దూరి చూడండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు అక్కడే పోతుంటాయి. ఛాసీ కమ్మీకి మాత్రం తోచినట్లు రంధ్రాలు వేయవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి నిర్మాణం మార్చడంపై ఆంక్షలు పెట్టింది కాబట్టి, ముందుగా రవాణా శాఖవారిని అడగడం మేలు.

మరొకటి చాలామందికి తట్టదు. వించి నేలకు ఆనించి వుంటే, బరువు ఇంకా పలకల మీద వుండగా తాడు వెనక గడప అంచుకు ఒరుసుకొని తెగుతుంది. అక్కడ ఒక తిరిగే గొట్టం అమర్చండి. వించినే ఎత్తు పీట మీద పెడదామంటారేమో! పీట ఎంత ఎత్తయితే బిగింపు మీద అంత మెలి పడుతుంది.

కరెంటు వించికి బరువు మీద వంద ఆంపియర్ల దాకా కావచ్చు. రెండు హెడ్‌లైట్లు కలిసి వాడేది పది లోపే కదా! అందుచేత బ్యాటరీ నుంచి లావుపాటి రాగి కేబులు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు వుండి తీరాలి. ఇంజను నడుస్తూండగానే లాగాలి.

లాగేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి, వ్యాను చక్రాలకు అడ్డం పెట్టండి. పలకలు గడపకు కొక్కేలతో పట్టి వుండాలి. నడుమ కింద ఒక దిమ్మె ఆనించండి. తాడును సామానుకు కిందుగా కట్టాలి, పైన కడితే తలకిందులవుతుంది. డ్రమ్ము మీద ఐదు చుట్లయినా మిగలాలి. తాడు మధ్యలో తడిగోతం ఒకటి వేయండి. తెగితే దాని విసురు తగ్గుతుంది. తాడు వరసలోగాని, బరువుకు కిందుగాగాని ఎవరూ నిలబడరాదు, పిల్లలను దగ్గరకే రానీయవద్దు.

ఎక్కించాక వించి పట్టుకునే వుందిగదా అని బయల్దేరకండి. దారి కుదుపులకు ఆ పళ్ళు అరిగిపోతాయి. నాలుగు మూలలా పట్టీలు వేసి కట్టి, తాడును కాస్త వదులు చేయండి. పట్నంలో దింపేటప్పుడు పట్టీలు విప్పకముందే ఆ తాడును మళ్ళీ బిగించుకోవాలి.