వేసవి బొమ్మ రాకుంటే పల్లె హాలుకు పంట పోయినట్టే

ఎండలు ముదిరి, కాల్వలు కట్టేశాక కృష్ణా డెల్టా పల్లెలలో పొలం పనులుండవు. మినుము, పెసర అప్పటికే ఇల్లు చేరి ఉంటాయి. బడులకు సెలవులిచ్చేస్తారు. పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు చేరతారు. పెళ్లిళ్లకు చుట్టాలు దిగుతారు. చేతిలో నాలుగు డబ్బులు, కావలసినంత తీరిక ఉండే ఆ రోజులే పల్లెలోని సినిమా హాలుకు కోతల కాలం. సంక్రాంతి వారం పది రోజుల సంబరం. వేసవి అయితే రెండు నెలల గ్రాసం.

ఆ గ్రాసమే కొన్నేళ్లుగా హాళ్లకు సరిగా అందడం లేదు. పల్లెలలో హాళ్లు ఒకటొకటిగా కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారిపోవడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి.

నేల టికెట్టు రోజులు

పూర్వం పల్లెలకు సినిమాను తెచ్చింది టూరింగు టాకీసులు. గుడారం వేసి, ముందు నేల, వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు అమర్చేవారు. పగటి వెలుతురులో బొమ్మ కనపడదు గనుక మ్యాట్నీ ఉండేది కాదు. చీకటి పడ్డాక మొదటి ఆట, అది ముగిశాక రెండో ఆట. ఒకే ప్రొజెక్టరు కావడం వల్ల రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ సందులో గోలీసోడాలు, వేరుశనక్కాయలు అమ్ముడుపోయేవి.

పొద్దుగూకే వేళకు గుడారం మీది మైకులో పాటలు మొదలయ్యేవి. ఈ జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతున వేంకటేశ్వరుని భక్తిగీతం వినపడిందంటే ఆట మొదలు కాబోతున్నదని చుట్టుపక్కల ఊళ్లకు గుర్తు. అన్నాలు తిని బండ్లు కట్టుకుని బయలుదేరేవారు.

మూడు గంటల చిత్రమంటే సుమారు 16 వేల అడుగుల ఫిల్ము, అంటే పదహారు పదిహేడు రీళ్లు. ప్రింట్లు కొద్దిగానే తీసేవారు. అవి ముందు విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ వంటి పట్టణాలలో ఆడి, ఆ తరువాతే పల్లెకు వచ్చేవి. ఒక్కొక్కసారి ఒకే ప్రింటును రెండు ఊళ్ల హాళ్లు పంచుకునేవి. ఇక్కడ ఆడిన రీళ్లను సైకిలు మీద పక్క ఊరికి చేర్చేవారు. దానినే షిఫ్టింగు అనేవారు. సైకిలు టైరు పంక్చరైతే పక్క ఊరిలో ఈలలు, కేకలు తప్పేవి కావు.

మే నెల చిత్రాలు

వేసవి చిత్రాలకు, ఈ జిల్లాకు చుట్టరికం ఉన్నది. 1974 మే 1న విడుదలైన అల్లూరి సీతారామరాజు కృష్ణ నటించిన నూరవ చిత్రం. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం కూడా అదే. స్కోపు చిత్రం ఆడించాలంటే వేరే లెన్సు, వెడల్పాటి తెర కావాలి. అవి లేని చిన్న హాళ్లు వాటిని సమకూర్చుకోక తప్పలేదు.

1977 ఏప్రిల్ 28న వచ్చిన అడవి రాముడు కథానాయకుడు ఎన్.టి.రామారావు ఈ జిల్లా నిమ్మకూరు వారు. దర్శకుడు కె.రాఘవేంద్రరావు కోలవెన్ను వారు. మధ్య వేసవిలో మొదలైన ఆ చిత్రం వానాకాలం, చలికాలం దాటి ఆడింది.

అదే దర్శకుని జగదేకవీరుడు అతిలోకసుందరి 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే పెనుతుపాను కృష్ణా నది ముఖద్వారానికి సమీపంలో తీరం దాటింది. తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఊళ్లకు ఊళ్లు నీటిలో ఉన్నాయి, రోడ్లు తెగాయి, కరెంటు లేదు. ఇక ఈ బొమ్మ పని అయిపోయినట్టేననుకున్నారు. కాని వాన తెరిపి ఇచ్చాక జనం హాళ్లకు కదిలారు. చిత్రం ఘన విజయం సాధించింది. కష్టం మీద ఉన్న మనిషికి మూడు గంటల మరుపు ఎంత అవసరమో ఆ వేసవి చూపించింది.

ఆ చిత్ర నిర్మాత అశ్వనీదత్‌కు మే 9 కలిసివచ్చిన తేదీ అయింది. ఆయన సంస్థ నుంచి వచ్చిన మహానటి 2018లో అదే తేదీన విడుదలైంది.

రీళ్లు పోయాయి

గత ఇరవై ఏళ్లలో రీళ్లు పోయి డిజిటల్ పద్ధతి వచ్చింది. బొమ్మ గీతలు లేకుండా పడుతున్నది. విజయవాడలో విడుదలైన రోజే పల్లెలోనూ విడుదలవుతున్నది. ఇది మేలే. అయితే దీనిలో ఒక మెలిక ఉన్నది.

పాత రోజులలో బొమ్మ పల్లెకు ఆలస్యంగా వచ్చినా, దాని బాగోగులు అప్పటికే తెలిసిపోయేవి. బాగున్నదని పేరు వచ్చినదానినే తెచ్చుకునేవారు. ఇప్పుడు తొలిరోజే వేయాలి. కొన్నిచోట్ల ముందే సొమ్ము కట్టి తెచ్చుకోవాలి. బాగులేదన్న మాట మధ్యాహ్నానికే సెల్ ఫోనులో ఊరంతా పాకుతుంది. బాగున్నదన్నా, చాలా చిత్రాలు నాలుగు నుంచి ఎనిమిది వారాలలోనే ఇంట్లో చూసుకునేందుకు దొరుకుతున్నాయి. రెండో వారానికే బెంచీలు ఖాళీ.

వరుసగా దెబ్బలు

2020 వేసవిలో కరోనా మూలంగా హాళ్లు తెరవనేలేదు. 2021లో ఏప్రిల్ 9న వకీల్ సాబ్ వచ్చి హాళ్లు కళకళలాడుతుండగానే రెండో విడత వ్యాధి ముంచుకొచ్చింది. నెల తిరగకుండానే తలుపులు మళ్లీ మూతబడ్డాయి. ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం టికెట్టు ధరలు నిర్ణయించింది. గ్రామ పంచాయతీలలో ఏసీ లేని హాలులో కనిష్ట ధర 5 రూపాయలు. చూసేవారికి అది చవకే గాని, కరెంటు బిల్లుకు కూడా చాలదని యజమానులు మొరపెట్టుకున్నారు. 2022 మార్చిలో కనిష్ట ధరను 20 రూపాయలకు సవరించారు. ఆ నెల 25న వచ్చిన ఆర్.ఆర్.ఆర్. హాళ్లకు మళ్లీ ఊపిరి పోసింది.

2024 వేసవిలో ఎన్నికలు వచ్చాయి. మే 9కి రావలసిన కల్కి 2898 ఏ.డి. జూన్ 27కు జరిగింది. పెద్ద బొమ్మ ఒక్కటీ లేక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లను మే 17 నుంచి పది రోజులు మూసివేయాలని యజమానులు నిర్ణయించుకున్నారు. కోతల కాలంలో కొడవలి గోడకు తగిలించడం వంటిదే ఇది. 2025లోనూ మేలో రావలసిన హరిహర వీరమల్లు జూలై 24న గాని రాలేదు.

పంపకాల పేచీ

2025 మేలో మరో పేచీ బయటపడింది. కలెక్షను బాగున్న మొదటి వారం హాలుకు అద్దె మాత్రమే ఇచ్చి, జనం తగ్గాక పర్సెంటేజీ అంటే తమకు మిగిలేదేమిటని సింగిల్ స్క్రీన్ యజమానులు ప్రశ్నించారు. మొదటి నుంచీ పర్సెంటేజీయే ఇవ్వాలనీ, లేకుంటే జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామనీ అన్నారు. చర్చల మీదట మూసివేత ఆలోచన విరమించుకున్నారు. కౌలు రైతు బాధ తెలిసిన పల్లె వారికి ఈ పేచీ విడమరచి చెప్పనక్కరలేదు. దిగుబడి వచ్చిన ఏడు ఎవరికెంత అన్నదే అసలు ప్రశ్న.

పల్లెకు హాలు ఎందుకు?

ఊరి హాలు పోతే సినిమా పోదు. డబ్బున్నవారు విజయవాడ వెళ్లి మల్టీప్లెక్సులో చూస్తారు. కాని ఇంటిల్లిపాది నలుగురైదుగురు బయలుదేరితే రానుపోను ఛార్జీలు, టికెట్లు, తినుబండారాలు కలిపి కూలి మనిషికి అందుబాటులో ఉండదు. సెల్ ఫోనులో ఎవరిది వారు చూసుకుంటారు. ఊరంతా ఒకచోట కూర్చుని, ఒకే చోట నవ్వి, ఒకే చోట కంటతడి పెట్టుకునే వీలు ఇక ఉండదు.

పరిష్కారాలు చేతికందనివేమీ కావు. పెద్ద చిత్రాలన్నీ ఒకే వారం పోటీ పడకుండా, వేసవి పొడవునా సర్దుకుని రావాలి. హాలులో ఆడే చిత్రం ఇళ్లలోకి రావడానికి తగినంత గడువు ఉండాలి. యజమానులు కూడా ఫ్యాన్లు తిరిగేలా, మంచినీళ్లు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండేలా చూస్తే ఆడవారు పిల్లలతో ధైర్యంగా వస్తారు. పాత చిత్రాలూ ఒక దారే. 1990 నాటి జగదేకవీరుడు 2025 మే 9న మళ్లీ తెరమీదికి వచ్చినప్పుడు, నాడు తుపానులో చూసిన బొమ్మను పిల్లలతో కలిసి మరోసారి చూసే అవకాశం ఆ తరం వారికి దొరికింది.

నీరు వదిలే నాటికి కాల్వ బాగుండాలని రైతులు ఎండలలోనే పూడిక తీయిస్తారు. మంచి బొమ్మ వచ్చే నాటికి హాలు నిలిచి ఉండాలంటే దాని బాగు కూడా అలాగే ముందుగా చూడాలి.