ప్రధానిని దించే గది

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉన్న పార్లమెంటు భవనం మొదటి అంతస్తులో ఒక పొడవాటి నడవా ఉంది. దాని వెంట వరసగా కమిటీ గదులు. పద్నాలుగో నంబరు గది ముందు విలేకరులు గుమిగూడి ఉన్నారంటే లోపల కన్సర్వేటివ్ ఎంపీలు సమావేశమయ్యారన్నమాట. విలేకరులకు లోపలికి ప్రవేశం లేదు. తలుపు దగ్గరే చెవులు రిక్కించి నిలబడతారు. నాయకుడి మాట నచ్చితే ఎంపీలు చేతులతో బల్లలు చరుస్తారు. ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది. ఎంత గట్టిగా చరిచారు, ఎంతసేపు చరిచారు అన్నది మర్నాటి పత్రికల్లో వార్త అవుతుంది.

ఆ గదిలో కలుసుకునే ఎంపీల బృందం పేరు 1922 కమిటీ. పార్టీ అధికారంలో ఉంటే, కమిటీ పదవుల ఎన్నికలో మంత్రి పదవులు లేక వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లదే ఓటు. నాయకుడిపై విశ్వాస ఓటు మాత్రం పార్టీ ఎంపీలందరిదీ. థాచర్, థెరిసా మే, బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్... ఈ నలుగురు ప్రధానుల్లో ఏ ఒక్కరూ సార్వత్రిక ఎన్నికల్లో ఓడి పదవి వదల్లేదు. సొంత ఎంపీల మద్దతు కరిగిపోయి దిగారు. రాజు ఉన్న దేశంలో ప్రధాని మెడ మీద కత్తి రాజు చేతిలో లేదు, ఈ వెనక బెంచీల చేతిలో ఉంది.

1922 అక్టోబరులో లండన్‌లోని కార్ల్‌టన్ క్లబ్‌లో సమావేశమైన కన్సర్వేటివ్ ఎంపీలు ప్రధాని లాయిడ్ జార్జ్ సంకీర్ణ ప్రభుత్వం నుంచి బయటికి వచ్చేశారు. ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. కమిటీ పుట్టింది ఆ తిరుగుబాటులోనే అని చాలామంది అనుకుంటారు గానీ, కాదు. ఆ తర్వాతి నెలలో జరిగిన ఎన్నికల్లో మొదటిసారి గెలిచిన కొత్త ఎంపీలు, సభ పద్ధతులు నేర్చుకోవడానికీ ఒకరికొకరు సాయపడడానికీ 1923లో పెట్టుకున్న బృందం ఇది. గెర్వైస్ రెంటూల్ తొలి అధ్యక్షుడు. కొన్నేళ్లకే తలుపులు వెనక బెంచీల వాళ్లందరికీ తెరిచారు.

అయినా చాలా దశాబ్దాలు నాయకుణ్ని ఎన్నుకునే హక్కు వీళ్లకు రాలేదు. పార్టీ పెద్దలు లోలోపల సంప్రదించుకునేవారు, ఒక పేరు తేలేది. పార్టీ అధికారంలో ఉంటే ఆ పేరు రాజప్రాసాదానికి వెళ్లేది. 1957లో ప్రధాని ఈడెన్ దిగిపోయినప్పుడు లార్డ్ సాల్స్‌బరీ మంత్రులను ఒక్కొక్కరినే పిలిచి, బట్లరా, మాక్మిలనా అని అడిగారు. రాణి ఎలిజబెత్ మాక్మిలన్‌ను పిలిపించారు. 1963లో అలెక్ డగ్లస్-హోమ్ ఎంపిక ఇంకా గుంభనంగా జరిగి పెద్ద దుమారం రేగింది. రాణి ఒక పక్షం వహించారన్న మాట పడే పరిస్థితి వచ్చింది. ఎవరి వైపూ మొగ్గకపోవడమే రాజరికానికి ఉన్న బలం. దాన్ని కాపాడాలంటే నాయకుడి పేరు ఓట్ల లెక్కలోంచి రావాలి. 1965లో తొలిసారి ఎంపీలు ఓటు వేశారు. ఎడ్వర్డ్ హీత్‌కు 150, మాడ్లింగ్‌కు 133, ఈనక్ పవెల్‌కు 15 వచ్చాయి.

పదేళ్లు తిరక్కుండానే అదే ఎంపీలు హీత్‌ను దించారు. 1974లో రెండు ఎన్నికలు ఓడినా ఆయన కుర్చీ వదల్లేదు. అప్పుడు కమిటీ అధ్యక్షుడు ఎడ్వర్డ్ డు కాన్. కమిటీ ఒత్తిడితో నాయకత్వానికి పోటీ తప్పలేదు. 1975 ఫిబ్రవరిలో తొలి రౌండులో థాచర్‌కు 130, హీత్‌కు 119. ఆమెను ఎక్కించిన చేతులే 1990లో వెనక్కి తగ్గాయి. ఆ ఏడాది నాయకత్వ పోటీలో ఆమెకు 204, ప్రత్యర్థి హెసెల్టైన్‌కు 152 వచ్చాయి. ఆధిక్యం ఉంది గానీ, నిబంధన ప్రకారం కావలసినంత లేదు. నాలుగు ఓట్లు తక్కువ. మూడు ఎన్నికలు వరసగా గెలిచిన ప్రధాని ఆ నాలుగు ఓట్ల దగ్గర ఆగిపోయారు.

ఇక్కడిదాకా పద్ధతిలో ఒక న్యాయం ఉంది. ఎన్నుకున్నదీ దించిందీ ఒకే గది. 1998లో విలియం హేగ్ నాయకుడిగా ఉండగా నిబంధనలు మార్చారు. ఎంపీలు వడపోసి ఇద్దరిని నిలబెట్టాలి, వాళ్లలో ఒకరిని దేశమంతటా ఉన్న పార్టీ సభ్యులు ఎన్నుకోవాలి. దించే అధికారం మాత్రం ఎంపీల దగ్గరే ఉండిపోయింది. కన్సర్వేటివ్ పార్టీ తర్వాత పడిన పాట్లలో ఎక్కువ భాగం ఈ చీలికలోంచే వచ్చాయని నా అభిప్రాయం.

దించే పద్ధతి ఇది. నాయకుడిపై విశ్వాసం లేదు, ఓటింగ్ పెట్టండి అని ఎంపీ కమిటీ అధ్యక్షుడికి లేఖ ఇస్తారు. ఎవరిచ్చారో అధ్యక్షుడు చెప్పరు. ఎన్ని వచ్చాయో కూడా చెప్పరు. ఇచ్చిన లేఖ వెనక్కి తీసుకోవచ్చు. 2024 దాకా, మొత్తం ఎంపీల్లో 15 శాతం లేఖలు చేరిన రోజున అధ్యక్షుడు నాయకుడికి ఫోన్ చేసేవారు. 2022 జూన్‌లో ఆ లెక్క 54. అప్పుడు దేశం రాణి ఏలుబడి 70 ఏళ్ల సంబరాల్లో ఉంది. ఉత్సవాలు ముగిసేదాకా ఓటింగ్ వద్దని కొందరు ఎంపీలు కోరారు. అధ్యక్షుడు గ్రాహం బ్రేడీ ఆదివారం జాన్సన్‌కు కబురు చెప్పారు, సోమవారం ఓటింగ్ జరిగింది. 211 మంది అనుకూలం, 148 మంది వ్యతిరేకం. గెలిచిన ఆయన నెల తిరిగేసరికి, మంత్రులు మూకుమ్మడిగా రాజీనామాలు చేయడంతో దిగిపోయారు. 2018 డిసెంబరులో థెరిసా మేకూ అంతే జరిగింది. 200-117తో గెలిచి, ఆర్నెల్లలోపే రాజీనామా ప్రకటించారు.

జాన్సన్ తర్వాత జరిగింది చూడండి. ఎంపీల చివరి రౌండులో రిషి సునాక్‌కు 137, ట్రస్‌కు 113. పార్టీ సభ్యులు ట్రస్‌ను ఎన్నుకున్నారు. సెప్టెంబరు 6న రాణి ఆమెను ప్రధానిగా నియమించారు, రెండు రోజులకే రాణి కన్నుమూశారు. అక్టోబరు 20న బ్రేడీ వెళ్లి ట్రస్‌ను కలిశారు. అదే రోజు ఆమె రాజీనామా ప్రకటించారు. ఇరవయ్యేళ్ల కింద ఇయాన్ డంకన్ స్మిత్‌ది కూడా ఇదే కథ. 2001లో ఎంపీల ఓట్లలో ఆయన రెండోస్థానం, సభ్యుల ఓట్లలో విజేత. 2003లో ఎంపీలు 90-75తో సాగనంపారు.

రోజూ సభలో వెంట నడవాల్సిన వాళ్లు ముందు వరసలో నిలపని నాయకుడు ఎంతకాలం నిలుస్తారు? ఈ సంగతి ఎంపీలకు తెలుసు. అందుకే ఆపద ముంచుకొచ్చినప్పుడు సభ్యుల దాకా పోనివ్వలేదు. 2003లో మైఖేల్ హోవర్డ్‌ను పోటీ లేకుండా నిలబెట్టారు. 2022 అక్టోబరులో వంద మంది ఎంపీల మద్దతు లేనిదే పోటీ లేదన్నారు. చివరికి సునాక్ ఒక్కరే మిగిలారు.

మనవాళ్లకు శాసనసభాపక్ష సమావేశమంటే ఏకవాక్య తీర్మానం గుర్తొస్తుంది. నాయకుడి ఎంపికను అధిష్ఠానానికి వదిలేస్తూ అందరూ సంతకాలు చేయడం. 1978 నుంచి 1983 దాకా ఒకే శాసనసభ కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రులు పాలించారు, మార్చింది ఢిల్లీ. ఆ మార్పుల్లో ఎమ్మెల్యేలు ప్రేక్షకులు. పద్నాలుగో నంబరు గదిలో ఎన్ని లోపాలున్నా, అక్కడ ఎంపీ ఎవరి అనుమతీ అడగకుండా ఓటు వేస్తాడు. నాకు ఆ గది మీద గౌరవం ఉన్నది అందుకే.

2024 ఎన్నికల్లో పార్టీ 121 సీట్లకు పడిపోయింది. కమిటీ అధ్యక్షపదవి బాబ్ బ్లాక్‌మన్‌కు వచ్చింది. భారత సంతతి ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న హారో ఈస్ట్ ఎంపీ ఆయన, 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024లోనే లేఖల హద్దును 15 శాతం నుంచి మూడో వంతుకు పెంచారు. కొత్త నాయకులకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలన్నది ఆలోచన. దించడం కష్టం చేశారు సరే, ఎన్నుకునే పద్ధతిని మాత్రం తాకలేదు. ఆ ఏడాది నాయకురాలైన కెమీ బేడనాక్‌కు ఎంపీల చివరి రౌండులో వచ్చినవి 42 ఓట్లు, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగతా 79 మంది అప్పుడు వేరేవాళ్లను కోరుకున్నవాళ్లో, ఓటు వేయనివాళ్లో. అప్పటి లెక్క ప్రకారం ఆమెపై ఓటింగ్ పెట్టించడానికి వాళ్లలో సగం కంటే కాస్త ఎక్కువ మంది కలం పడితే చాలు.