పాత కారు, కొత్త గేర్‌బాక్స్: మీకు తెలుసా?

1940ల నాటి షెవర్లే, ఫోర్డ్ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పైకి రంగు, రూపు అన్నీ నాటివే. కిందకి వంగి చూస్తే మాత్రం కొందరి కార్లలో 1980ల నాటి గేర్‌బాక్స్, 1990ల నాటి వెనక యాక్సిల్ కనిపిస్తాయి. నేటి హైవేల మీద పాత బండి హాయిగా సాగడానికి చేసే మార్పిడి ఇది. అందులోని ఆసక్తికరమైన సంగతులు కొన్ని ఇవిగో.

● గేర్‌బాక్స్‌తో పాటు యాక్సిల్ కూడా ఎందుకు మార్చాలి?
1954 వరకు వచ్చిన షెవర్లే కార్లలో, 1948 వరకు వచ్చిన ఫోర్డ్ కార్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనబడదు. లావుపాటి ఉక్కు గొట్టం లోపల తిరుగుతుంది. దాని పేరు టార్క్ ట్యూబ్. గొట్టం వెనక కొసను డిఫరెన్షియల్ హౌసింగ్‌కు బోల్టులతో బిగిస్తారు. ముందు కొస బంతి ఆకారంలో ఉండి గేర్‌బాక్స్ వెనక కూర్చుంటుంది. షాఫ్ట్ వంగి కూడా తిరిగేలా చేసే జాయింట్ క్రాస్ ఆ చోట ఒక్కటే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే యాక్సిల్ హౌసింగ్ వెనక్కి మెలి తిరగబోతుంది. దాన్ని ఆపేది ఈ గొట్టమే. నేటి గేర్‌బాక్స్‌లో ఆ బంతికి చోటు లేదు. కాబట్టి గేర్‌బాక్స్ మారిందంటే గొట్టం పోవాలి, గొట్టం పోతే సాధారణంగా పాత యాక్సిల్ కూడా పోవాలి. సగం చేసి ఆపడానికి వీల్లేని పని ఇది.

● కంపెనీలే ఆ గొట్టాన్ని వదిలేశాయి
ఫోర్డ్ 1949 మోడల్‌తో, షెవర్లే 1955 మోడల్‌తో టార్క్ ట్యూబ్‌కు స్వస్తి చెప్పాయి. బ్యూక్ మాత్రం 1960 దాకా పట్టు విడవలేదు. తర్వాత వచ్చిన పద్ధతిలో షాఫ్ట్ బయటే తిరుగుతుంది, రెండు కొసల్లో రెండు జాయింట్ క్రాస్‌లు ఉంటాయి, యాక్సిల్‌ను కమాన్ పట్టీలే పట్టి ఉంచుతాయి. దీన్ని హాచ్‌కిస్ డ్రైవ్ అంటారు.

● పాత ఫోర్డ్‌లో పని రెట్టింపు
1948 వరకు ఫోర్డ్ కార్ల వెనక యాక్సిల్ మీద అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట ఉండేది. అది బరువు మోస్తుంది గానీ యాక్సిల్‌ను ముందుకూ వెనక్కీ కదలకుండా పట్టుకోలేదు. చక్రాలు కారును ముందుకు నెట్టే బలమంతా టార్క్ ట్యూబ్ మీదుగానే సాగేది. ఆ గొట్టం తీసేస్తే యాక్సిల్‌కు ఆధారం పోయినట్టే. అందుకే ఛాసిస్‌కు రెండు వైపులా నిలువుగా కొత్త కమాన్ కట్టలైనా వేయాలి, యాక్సిల్‌ను పట్టి ఉంచే ఆర్మ్‌లైనా అమర్చాలి.

● ఇంజన్‌కు ఎంత ఊరట?
1941-48 షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజన్ 90 హార్స్‌పవర్‌ను అందుకునేది 3,300 ఆర్‌పీఎం దగ్గర. అప్పట్లో సాధారణంగా వచ్చే యాక్సిల్ రేషియో 4.11. టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 746 సార్లు తిరుగుతుంది. దాన్ని 4.11తో గుణిస్తే ఇంజన్ వేగం 3,066 ఆర్‌పీఎం. అంటే ఇంజన్ దాదాపు తన శక్తి అంచున పరుగెడుతోందన్నమాట. ఇప్పుడు 3.55 రేషియో యాక్సిల్ వేసి, ఐదో గేరు రేషియో 0.73 ఉన్న గేర్‌బాక్స్ పెడితే అదే వేగంలో ఇంజన్ తిరిగేది 1,933 ఆర్‌పీఎం మాత్రమే. మోత తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది.

● అలాగని మరీ తగ్గించకూడదు
1952 వరకు షెవర్లే కార్లలో వచ్చిన 216 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌లో బేరింగులు బాబిట్ లోహంతో పోసినవి. కనెక్టింగ్ రాడ్ల అడుగున ఉండే చిన్న గరిటెలు ఆయిల్‌ను అందుకుని రాడ్ల బేరింగులకు చేర్చే ఏర్పాటు అది. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో, ఎత్తు మీద ఇంజన్‌ను ఈడ్పిస్తే ఆ మెత్తటి లోహం మీద దెబ్బ పడుతుంది. ఐదో గేరు చదును రోడ్డుకే. ఎత్తు వస్తే నాలుగుకు దిగాల్సిందే.

● మొదటి గేరులో ‘కర్ర్’మనే చప్పుడుకు సెలవు
గేర్లు చప్పుడు లేకుండా పడేలా చేసే సింక్రోమెష్ తొలిసారి వచ్చింది 1928లో, క్యాడిలాక్ కార్లలో. షెవర్లేకు 1932లో చేరింది. కానీ ఆ మూడు గేర్ల బాక్సుల్లో రెండో గేరుకు, మూడో గేరుకు మాత్రమే సింక్రోమెష్ ఉండేది. మొదటి గేరు వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి. ఈ మార్పిడికి అమెరికాలో ఎక్కువమంది ఎంచుకునే బోర్గ్-వార్నర్ టీ-5 బాక్సులో ముందుకు వెళ్లే ఐదు గేర్లకూ సింక్రోమెష్ ఉంది. అందులోనూ షెవర్లే ఎస్-10 పికప్‌లో వచ్చిన టీ-5కు గిరాకీ ఎక్కువ. దాని గేర్ రాడ్ కాస్త ముందుకు ఉంటుంది. పాత కారులోని పొడవాటి ఒకే సీటుకు తగలకుండా, సరిగ్గా చేతికి అందే చోట పైకి వస్తుంది.

● వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదు
పాత ఇంజన్‌కు కొత్త గేర్‌బాక్స్ కలపడానికి మధ్యలో అడాప్టర్ ప్లేట్ వేస్తారు. గేర్‌బాక్స్ షాఫ్ట్, క్రాంక్ షాఫ్ట్ ఒకే గీతలో ఉండాలి. మంచి మెకానిక్ ఏం చేస్తాడంటే, ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ నిలబెట్టి, దాని ముల్లును గేర్‌బాక్స్ కూర్చునే రంధ్రం అంచుకు ఆనించి, ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పుతాడు. ముల్లు మొత్తం కదలిక 0.005 అంగుళం, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, దాటకూడదు. దాటిందా, క్లచ్, బేరింగ్, మొదటి షాఫ్ట్ అన్నీ త్వరగా పాడవుతాయి.

● రెండు జాయింట్లు, ఒకటే కోణం
జాయింట్ క్రాస్ వంగి తిరిగేటప్పుడు షాఫ్ట్ ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. రెండో కొసలోని జాయింట్ కూడా అంతే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి చెల్లిపోతాయి. అందుకే కొత్త యాక్సిల్‌కు కమాన్ పట్టీలు కూర్చునే సీట్లను వెల్డింగ్ చేసేముందు గేర్‌బాక్స్ వాలు, యాక్సిల్‌లోని పినియన్ వాలు కొలిచి, రెండూ సమాంతరంగా ఉండేలా చూస్తారు. కారు తన నాలుగు చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడి ఉండగానే ఈ కొలత తీయాలి. జాకీ మీద ఎత్తి కొలిస్తే లెక్క తప్పుతుంది.

● ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌కు ఎందుకంత పేరు?
1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ల వెనక యాక్సిల్‌లో క్రౌన్ వీల్ వ్యాసం 8.8 అంగుళాలు. పైగా డిస్క్ బ్రేకులు. పాత కార్లకు అది కాస్త వెడల్పు. ఒక వైపు గొట్టం పొడవు, ఇంకో వైపు పొట్టి. పొడవు వైపు గొట్టాన్ని సుమారు 3 అంగుళాలు కోసి, అక్కడ కూడా పొట్టి వైపు యాక్సిల్ షాఫ్ట్ లాంటిదే ఇంకొకటి వేస్తే వెడల్పు తగ్గుతుంది, పినియన్ మధ్యకు వస్తుంది. ఒక్క చిక్కు చక్రాలతో. 1948 వరకు వచ్చిన ఫోర్డ్ కార్ల చక్రం బోల్టులు 5.5 అంగుళాల వలయంలో ఉంటే, ఎక్స్‌ప్లోరర్‌వి 4.5 అంగుళాల వలయంలో ఉంటాయి. ముందు చక్రాలను కూడా సరిచేయకపోతే స్టెప్నీ ముందు చక్రాలకో, వెనక చక్రాలకో మాత్రమే పనికొస్తుంది.

● స్పీడోమీటర్ తప్పు చెబుతుంది!
స్పీడో కేబుల్ తిరిగేది గేర్‌బాక్స్ వెనక కొసలోని చిన్న గేరుతో. యాక్సిల్ రేషియో మారితే ఆ లెక్కంతా మారుతుంది. కొత్త రేషియోకు, టైరు ఎత్తుకు తగిన పళ్లున్న గేరు వేసుకుంటే గానీ ముల్లు నిజం చెప్పదు.

● మన అంబాసిడర్ సంగతి
పాత బండికి కొత్త గేర్‌బాక్స్ అన్న ఆలోచన మనకూ కొత్తది కాదు. 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంలోని అంబాసిడర్‌కు 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ సంస్థే 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్, దానితో 5 గేర్ల బాక్స్ అమర్చి అమ్మింది. రూపం పెద్దగా మారకుండానే ఆ కారు 2014 దాకా తయారైంది.

● మన దగ్గర చేయాలంటే?
2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనానికే వింటేజ్ గుర్తింపు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఇలాంటి వాహనాలకు నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకు, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయరాదు.

కాబట్టి తాతల నాటి కారు మీ ఇంట్లో ఉంటే, స్పానర్ పట్టేముందు ఆర్టీవో కార్యాలయంలో అడగండి. అనుమతి దొరికి పని మొదలుపెడితే ఛాసిస్‌ను కోయకుండా బోల్టులతో అమరే పద్ధతినే ఎంచుకోండి. తీసిన గేర్‌బాక్స్‌కు, టార్క్ ట్యూబ్‌కు, యాక్సిల్‌కు గ్రీజు పూసి, చీటీలు కట్టి భద్రపరచండి. మీ తర్వాత ఆ కారు ఎవరి చేతికి వెళ్లినా, కావాలనుకుంటే దాన్ని పాత రూపానికి తెచ్చుకునే వీలుండాలి. ఆ వీలు మిగల్చని మార్పిడి ఎంత నైపుణ్యంతో చేసినా మంచిది కాదు.