రేడియేటర్ మూత చేసే పని

1972లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో రవాణా ప్రదర్శన ఒకటి జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్లు అక్కడ ఇల్లు లాంటి బండిని జనానికి చూపించారు. మంచాలు, వంటగట్టు, స్నానాల గది, అన్నీ చక్రాల మీదే. షూటింగుల్లో సినిమా తారల కోసం ఆగి ఉండే క్యారవాన్లు చూసినవాళ్లకు దాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. అప్పటి మోటార్‌హోమ్‌లు చాలావరకు లారీ చాసిస్ మీద డబ్బా బిగించినవే. జనరల్ మోటార్స్ చూపించిన ఈ జీఎంసీ మోటార్‌హోమ్ అలా పుట్టలేదు. దీని ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనక్కి పోయే షాఫ్టు లేదు కాబట్టి నేల బాగా కిందికి ఉంటుంది. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు వరసగా, గాలి సంచుల సస్పెన్షన్ మీద నడుస్తాయి. 23 అడుగులది, 26 అడుగులది అని రెండు పొడవుల్లో, 1978 మోడల్ దాకా పన్నెండు వేలకు పైగా బళ్లు మిషిగన్‌లోని పాంటియాక్ ఊళ్లో తయారయ్యాయి. వాటిలో చాలా బళ్లను యజమానులు ఇప్పటికీ ప్రాణంలా చూసుకుంటున్నారు. ఆ యజమానులు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే మాట బండి హీటెక్కడం గురించే.

అందులో వింత లేదు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో వాడిన 455 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 7.5 లీటర్ల వి8 ఇంజనును తెచ్చి అయిదు టన్నుల బండిని లాగమన్నారు. లీటరు పెట్రోలుకు నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్ప. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతే గంటలో ఇరవై లీటర్ల పైచిలుకు తాగుతుంది. అంత పెట్రోలు మండితే సుమారు 200 కిలోవాట్ల వేడి పుడుతుంది. చక్రాల దాకా చేరేది అందులో పావు వంతో, కాస్త ఎక్కువో. మిగిలినదాంట్లో పెద్ద వాటా పొగగొట్టంలోంచి పోతుంది. ఇంకో యాభై అరవై కిలోవాట్లను మాత్రం నీళ్లే మోసుకుపోయి గాలికి వదిలిపెట్టాలి. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు పాతికో ముప్పయ్యో ఒకేసారి వేసినంత వేడి అది. సమతలం మీద సంగతి ఇది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా పెరుగుతుంది.

ఈ వేడిని వదిలించుకునే బాధ కారు పుట్టిననాటిది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో రేడియేటరే లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు కాగి ఆవిరైపోతాయి, తగ్గినప్పుడల్లా మళ్లీ పోసుకోవాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటేసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండి మీద వెళ్లింది. నూరు కిలోమీటర్ల దారి పొడవునా ఆగి నీళ్లు వెతుక్కోవడం ఆ ప్రయాణంలో పెద్ద పని.

దారి చూపించినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 చివర్లో తయారైన 35 గుర్రాల శక్తి మెర్సిడెస్ కోసం ఆయన తేనెపట్టు రేడియేటర్ చేశాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 కలిపి అతికించి, గొట్టాల్లోంచి గాలి, వాటి మధ్య సందుల్లోంచి నీళ్లు పోయేలా అమర్చాడు. 9 లీటర్ల నీళ్లతో బండి నడిచింది. వేడి పోవడానికి కావలసింది నీళ్ల రాశి కాదు, గాలి తగిలే వైశాల్యం అని తేల్చి చెప్పిన యంత్రం అది. ఆ తర్వాత వచ్చిన రేడియేటర్లన్నీ దాని సంతానమే.

రెండో మెట్టుకు పేరున్న ఒక్క ఆవిష్కర్త అంటూ కనిపించడు, కానీ నా దృష్టిలో అదే పెద్ద మెట్టు. నీళ్లను మూతేసి ఒత్తిడిలో ఉంచడం. ప్రెషర్ కుక్కర్ వాడే ప్రతి ఇంట్లోనూ తెలిసిన సూత్రమే. వాతావరణానికి మించి ఇంకో వాతావరణమంత ఒత్తిడి చేరిస్తే నీళ్లు 100 డిగ్రీలకు బదులు 120 దగ్గర మరుగుతాయి. యుద్ధ విమానాల్లో ఈ సంగతి బాగా కలిసొచ్చింది. రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లలో మొదట అచ్చమైన గ్లైకాల్ పోసేవారు, తర్వాత ఒత్తిడిలో ఉంచిన నీళ్ల మిశ్రమానికి మారారు. వేడి మోయడంలో నీళ్లను మించినది లేదు. గ్లైకాల్ గడ్డకట్టకుండా కాపాడుతుంది, మరిగే స్థానాన్ని కొంచెం పెంచుతుంది, కానీ వేడిని నీళ్లంత మొయ్యదు. కూలెంట్, అంటే గ్లైకాల్ కలిపిన నీళ్లు, ఎంత చిక్కగా పోస్తే అంత చల్లదనం అనుకునేవాళ్లు ఇది గమనించాలి. సగం సగం చాలు.

ఇప్పుడు మోటార్‌హోమ్ దగ్గరికి వద్దాం. కూలెంట్ కారితే నీళ్లు తగ్గాయనే చూస్తాం. పోసేస్తే సరిపోతుందనుకుంటాం. కానీ సూది మొనంత బెజ్జం పడినా లోపల ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే 120 దాకా ఓపిక పట్టాల్సిన నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి, కొండ మీద ఇంకా ముందే. సిలిండర్ హెడ్ దగ్గర ఆవిరి బుడగలు లేస్తాయి. ఆవిరి లోహం నుంచి వేడి లాక్కోలేదు, అక్కడ ఇంకా కాలుతుంది, ఇంకా ఆవిరి పుడుతుంది. మూతలో స్ప్రింగు సత్తువ తగ్గినా, రబ్బరు వాషరు పగిలినా ఇదే కథ. అప్పుడు కింద ఒక్క చుక్క కూడా కనబడదు. బండి హీటెక్కితే వేల రూపాయల రేడియేటర్ మార్చేముందు వందల రూపాయల మూత మార్చమని పాత మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఇంకో మోసం ఉంది. టెంపరేచర్ మీటరు సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు బాగా పోయి అది గాలిలో తేలితే ముల్లు కిందికి దిగుతుంది. చల్లబడిందని సంబరపడే ఆ క్షణంలోనే ఇంజను మాడుతుంటుంది.

లీకు ఎక్కడుందో పట్టుకోవడం ఈ బండిలో ఓ పరీక్ష. ఇంజను డ్రైవరు సీటు దగ్గర, నేల కింద ఉంటుంది. లోపల కార్పెట్ తీసి, పలక ఎత్తితే గానీ కనబడదు. పైగా స్నానానికి నీళ్లు కాచే హీటరుకు కూడా ఇంజను కూలెంటే వేడినిస్తుంది, అందుకోసం పొడవాటి హోస్ పైపులు బండి వెనక్కి పోతాయి. యాభై ఏళ్ల రబ్బరు ఎక్కడ చిట్లిందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత చోట చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి కొట్టి, ముల్లు నిలుస్తుందో లేదో చూడాలి. జారిపోతుంటే వెతకాలి. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది, దాంట్లోంచి చెమ్మ వస్తే లోపలి సీలు పోయినట్టే. క్లిప్పుల దగ్గర తెల్లటి, పచ్చటి మరకలు ఎండిపోయిన లీకు జాడలు. కొన్ని పైపులు చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కగానే బిగుసుకుంటాయి. అవి మెకానిక్ ఎదుట ఎప్పుడూ దొరకవు.

ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గుతుంటే సిలిండర్ హెడ్ కింద ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. నీలం రంగు ద్రవం ఉన్న గొట్టంలోంచి రేడియేటర్ పైనున్న గాలిని పీల్చి చూస్తారు. దహనం వల్ల పుట్టిన కార్బన్ డయాక్సైడ్ అందులో కలిస్తే ద్రవం పసుపుపచ్చకు తిరుగుతుంది. గాస్కెట్ పోయిందన్నమాట.

లీకు లేకుండానే హీటెక్కే బళ్లూ ఉన్నాయి. రేడియేటర్ గొట్టాల్లో పాచి పట్టిన చోట నీళ్లు తిరగవు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ మీద అక్కడక్కడా చూస్తే చల్లటి మచ్చలు బయటపడతాయి. ఫ్యాను క్లచ్‌లో సిలికాన్ నూనె ఉంటుంది. వేడి పెరిగితే అది ఫ్యానును పట్టి గట్టిగా తిప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందునుంచి హోరు వినబడాలి. ఆ హోరు ఎప్పుడూ వినలేదంటే క్లచ్ చచ్చిందనే అర్థం.

మన వైపు లారీ డ్రైవర్లు రేడియేటర్ కారితే పసుపు పోస్తారు. అమెరికాలో మిరియాల పొడి, గుడ్డు తెల్లసొన పోసినవాళ్లూ ఉన్నారు. ఊరు చేరడానికి పనికొస్తుంది, కాదనను. కానీ బెజ్జాన్ని మూసే ఆ పొడే సన్నటి గొట్టాలనూ మూస్తుంది. థర్మోస్టాట్ పీకేయడం ఇంతకంటే పాత జబ్బు. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన మైనం గుళిక ఆ పరికరానికి గుండెకాయ. ఇంజను వేడెక్కాక మైనం కరిగి ఉబ్బి, నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు తెరుస్తుంది. థర్మోస్టాట్‌ను తీసేస్తే ఇంజను వేడి పట్టక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వెయ్యాలి గానీ, తీసి పారేయడమేమిటి?

వేడి మీద మూత తిప్పడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు. 120 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీళ్ల మీద ఒత్తిడి ఒక్కసారిగా తీసేస్తే దాదాపు 37 గ్రాములు అప్పటికప్పుడు ఆవిరవుతాయి. వినడానికి తక్కువే. ఆ ఆవిరి అరవై లీటర్ల చోటు అడుగుతుంది, మరుగుతున్న మిగతా నీళ్లను తోసుకుంటూ మొహం మీదికి వస్తుంది. కింద కారిన కూలెంట్‌ను కూడా అలా వదిలేయకూడదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కిడ్నీలు పోయి చస్తాయి.

కాలిఫోర్నియా నుంచి లాస్‌వేగస్ పోయే దారిలో బేకర్ అనే ఎడారి ఊరు దాటగానే హాలొరాన్ కనుమ దాకా చడాయి మొదలవుతుంది. సుమారు 27 కిలోమీటర్లలో తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మన తెలుగువాళ్లు కూడా తరచు పోయే దారే అది. పాత మోటార్‌హోమ్‌తో అక్కడ ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, గేరు తగ్గించి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పమంటారు. ఆ ఎండలో హీటరేమిటని తిట్టుకోవచ్చు గానీ, డాష్‌బోర్డు వెనకున్న హీటరు కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొన్ని కిలోవాట్లు లాగేస్తుంది. అయితే ముందద్దం లోపలివైపు తియ్యటి వాసన వేసే జిడ్డు పొర కడుతుంటే ఈ ఉపాయం పారదు. కారుతున్నది ఆ హీటరు కోరే.