సీడీ పాటకు నష్టం లేని నకలు

విండోస్ ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో పాటల సీడీ పెట్టి తెరిచి చూస్తే ఒక్కో పాటకు ఒక్కో చిన్న ఫైలు కనిపిస్తుంది గానీ, దాని పరిమాణం 44 బైట్లు మాత్రమే కాబట్టి దాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని సీడీ బయటికి తీసేస్తే పాట వినిపించదు. పాట డిస్కుపై ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు సాగుతుందో చెప్పే ఆనవాళ్లే అందులో ఉంటాయి. సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1980లో ‘రెడ్ బుక్’ పేరుతో రూపొందించిన ప్రమాణం ప్రకారం, పాటల సీడీలో ధ్వని ఫైళ్లుగా కాక, లోపలి అంచు నుంచి వెలుపలికి చుట్లు చుట్టుకుంటూ పోయే ఒకే దారిలో ఎడతెగని అంకెల ధారగా నమోదై ఉంటుంది. ఆ ధారను చదివి, పాటల వారీగా విడదీసి, కంప్యూటర్ ఫైళ్లుగా మలచడాన్ని రిప్పింగ్ అంటారు.

ఆ ధారలో సెకనుకు 44,100 సార్లు ధ్వని తరంగపు ఎత్తును కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా, కుడి ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా రాసి ఉంచుతారు. ఈ లెక్కన సెకనుకు 14,11,200 బిట్లు అవసరమవుతాయి కాబట్టి, అయిదు నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్ల జాగా కావాలి.

ఈ సమాచారం సెకనుకు 75 చొప్పున సెక్టార్లు అనే ముక్కలుగా ఉంటుంది. పాటల సీడీలో సెక్టారుకు 2,352 బైట్లు ఉండగా అవన్నీ ధ్వనికే చెందుతాయి. కంప్యూటర్ ఫైళ్లు దాచే సీడీలో మాత్రం 2,048 బైట్లే సమాచారానికి ఇచ్చి, మిగిలిన 304 బైట్లను చిరునామాకూ తప్పులు సరిదిద్దే సంకేతాలకూ కేటాయిస్తారు. రెండు రకాల సీడీలకూ పునాదిలో రీడ్–సోలమన్ అనే దోషసవరణ పద్ధతి ఉంది. దానితోపాటు పక్కపక్కన ఉండవలసిన బైట్లను దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు కాబట్టి, దారి పొడవునా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం చెరిగినా దాన్ని తిరిగి లెక్కకట్టి రాబట్టవచ్చు. గీత అంతకు మించినప్పుడు సాధారణ సీడీ ప్లేయరు పోయిన కొలతలను ఇరుపక్కల కొలతలను బట్టి అంచనా వేసి పూడుస్తుంది. ఆ క్షణానికి చెవి దాన్ని పట్టుకోలేకపోయినా, రిప్పింగ్‌లో అటువంటి అంచనా చేరితే అది నకలులో శాశ్వతంగా నిలిచిపోతుంది.

దీనికి తోడు, పాటల సెక్టార్లలో కచ్చితమైన చిరునామా లేనందువల్ల, డ్రైవు ఒకసారి ఆగి మళ్లీ చదవడం మొదలుపెట్టినప్పుడు కొన్ని కొలతలు ముందుకో వెనక్కో జరిగే ప్రమాదం కూడా ఉంది. విండోస్‌లో వాడే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్‌లో వాడే సీడీపారనోయా వంటి సాఫ్ట్‌వేర్లు ఈ రెండు చిక్కులనూ దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అవసరమైన చోట ఒకే భాగాన్ని పలుమార్లు చదివి, ఫలితాలను పోల్చి, తేడా వస్తే మళ్లీ చదువుతాయి. యాక్యురేట్‌రిప్ అనే సేవ అదే సీడీని ఇతరులు తీసినప్పుడు వచ్చిన సరిచూపు సంఖ్యలతో కొత్త నకలును పోల్చి చూపుతుంది గనుక, అవి కలిస్తే నకలు సరైనదేనని నమ్మవచ్చు.

యంత్రం ఎంత జాగ్రత్తపడినా డిస్కు శుభ్రంగా ఉండాలి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు నేరుగా తుడవాలే తప్ప గుండ్రంగా తుడవకూడదు; గుండ్రంగా పడిన గీత దారి వెంబడే సాగి దోషసవరణ శక్తిని మించిపోతుంది. మెరిసే అడుగువైపు గీతలు పడకుండా చూసేవారు కూడా పేర్లు ముద్రించిన పైవైపును పట్టించుకోరు గానీ, ధ్వనిని మోసే అల్యూమినియం పొర ఆ ముద్రణకు అంటుకున్నట్లే, పల్చటి పూత కింద ఉంటుంది కాబట్టి అక్కడ పడిన గీతకు మరమ్మతు లేదు.

చదివిన ధ్వనిని ఏ రూపంలో దాచాలన్నది తరువాతి ప్రశ్న. ఎంపీ3 పద్ధతి, పెద్ద శబ్దం మోగుతున్నప్పుడు దానికి దగ్గరి స్వరస్థాయిలోని చిన్న శబ్దాన్ని చెవి గుర్తించలేదన్న సూత్రం ఆధారంగా, వినపడదనుకున్న భాగాన్ని తొలగిస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున చేస్తే పైన చెప్పిన 53 మెగాబైట్ల పాట అయిదు మెగాబైట్లలోపు ఇముడుతుంది గానీ, తొలగినది తిరిగి రాదు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఒక్క బిట్టును కూడా వదలకుండా పరిమాణాన్ని చాలా పాటలకు సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్యకు తెస్తుంది. అందువల్ల ముందుగా ఫ్లాక్ నకలు తీసి కంప్యూటర్‌లో భద్రపరచి, చేతిలోని ప్లేయరులో జాగా తక్కువైతే దాని నుంచే ఎంపీ3 తయారుచేసుకోవడం ఉత్తమం. ఎంపీ3 నుంచి మరో ఎంపీ3 చేస్తే నష్టం మీద నష్టం పేరుకుంటుంది.

కర్ణాటక కచేరీల సీడీలకు ఈ సలహా మరింత అవసరం. రాగాలాపన ఒక ట్రాకుగా, దాన్ని అనుసరించే కృతి మరో ట్రాకుగా విడగొట్టిన సీడీలో తంబురా శ్రుతి రెంటినీ కలుపుతూ ఆగకుండా సాగుతుంది. ఎంపీ3 ధ్వనిని 1,152 కొలతల కట్టలుగా మారుస్తూ మొదట, చివర కొంత నిశ్శబ్దాన్ని చేర్చుతుంది కాబట్టి, దాన్ని కత్తిరించడం తెలియని ప్లేయరులో ట్రాకు మారిన చోట శ్రుతి తెగి వినిపిస్తుంది. ఫ్లాక్‌లో ఆ అదనపు నిశ్శబ్దం చేరదు. ఎంపీ3యే కావాలనుకుంటే ఆలాపననూ కృతినీ ఒకే ఫైలుగా తీయడం మేలు.

పాటల పేర్లు చాలా సీడీల్లో నమోదై ఉండవు. ట్రాకులు మొదలయ్యే స్థానాలను బట్టి డిస్కును గుర్తుపట్టి, మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి ఉమ్మడి భాండాగారాల నుంచి సాఫ్ట్‌వేరు ఆ పేర్లను తెస్తుంది. ఒకే గాయకుడి పేరు ఒక సీడీకి పొడి అక్షరాలతో, మరొకదానికి ఇంటిపేరుతో వస్తే ప్లేయరు ఇద్దరు వేర్వేరు గాయకులుగా చూపుతుంది గనుక, రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరుతో సహా అన్నిటినీ ఒకే తీరున తెలుగులో సరిదిద్దుకోవాలి.

భారత కాపీరైటు చట్టం (1957)లోని 52వ సెక్షన్ సొంత వినియోగానికి చేసే న్యాయమైన వాడకాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. అదే నకలును అమ్మడం, నలుగురికీ పంచిపెట్టడం ఆ వెసులుబాటులోకి రావు. కొత్త కంప్యూటర్లు చాలావరకు సీడీ డ్రైవు లేకుండానే వస్తున్నాయి. మరోవైపు, ఆన్‌లైన్ సేవలకెక్కని కచేరీలు ఇంకా సీడీల్లోనే ఉన్నాయి. డ్రైవు పనిచేస్తుండగానే, డిస్కు చదవడానికి వీలుగా ఉండగానే వాటిని ఒక్కసారి సరిగా తీసి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో దాచుకుంటే, ప్లేయర్లు ఎన్ని మారినా ఆ సంగీతాన్ని మళ్లీ వెతుక్కోవలసిన పని ఉండదు.