సారంగదరియా ఎవరి పాట?

రంగారెడ్డి జిల్లాలోని చందనవెల్లి, షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్... ఈ తోవల్లో పెండ్లి బరాత్ కదిలిందంటే డీజే బండి మీద పల్లె పాట మోగాల్సిందే. అలాంటి పాటల్లో 2021 నుంచి ‘సారంగదరియా’ది ప్రత్యేక స్థానం. శేఖర్ కమ్ముల సినిమా ‘లవ్ స్టోరీ’ కోసం సుద్దాల అశోక్ తేజ రాశారు, పవన్ సీహెచ్ సంగీతం కట్టారు, మంగ్లీ పాడింది, సాయిపల్లవి ఆడింది. పాట ఫిబ్రవరి నెలాఖరుకే బయటికొచ్చింది. సినిమా సెప్టెంబరు 24న గానీ విడుదల కాలేదు. అప్పటికే పాట ఊరూరా తిరిగేసింది. యూట్యూబులో కొన్ని వారాల్లోనే 10 కోట్ల సార్లు చూశారు.

పల్లవి జానపదానిదే, చరణాలు తనవి అని సుద్దాల చెప్పారు. మరి ఆ పల్లవిని సినిమా దాకా మోసుకొచ్చిందెవరు? వరంగల్ ప్రాంత గాయని కోమలి అంతకుముందే ‘రేలారే రేలా’ టీవీ కార్యక్రమంలో ఈ పాట పాడారు. సినిమా పాటలో తన ఊసే లేదని 2021 మార్చిలో ఆమె బాధపడ్డారు. పేరు వేస్తామని, డబ్బులిస్తామని దర్శకుడు ముందుకొచ్చాక గొడవ సద్దుమణిగింది. ఆమె అడిగింది న్యాయమే. ఆమె అడిగేదాకా సినిమావాళ్లు ఆగకుండా ఉండాల్సింది.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 1957 నాటి కాపీరైటు చట్టం రచయితకు హక్కులిస్తుంది. ఎవరు కట్టారో తెలియని పాటకు రచయితను ఎక్కడినుంచి తెస్తాం? పాడినవాళ్లకు తమ గానం మీద 50 ఏళ్ల హక్కుంది గానీ, ఆ హక్కు పాట మీదికి రాదు.

పాటకు రచయిత పేరుంటే ఏమవుతుందో అమెరికా పల్లె సంగీతంలో డాలీ పార్టన్ కథ చూడండి. ఆమె రాసి, 1974లో విడుదల చేసిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నారు. ప్రచురణ హక్కుల్లో సగం కావాలని ఆయన మేనేజరు పట్టుబడితే డాలీ ఒప్పుకోలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ గొంతులో అదే పాట అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. రాబడి డాలీకీ చేరింది. పాట తనదని చూపే కాగితం ఆమె చేతిలో ఉంది. నాట్లేస్తూ పాడిన మన అవ్వల దగ్గర అలాంటి కాగితం ఏదీ?

పేరు రాసిపెట్టడమన్నా మన చేతుల్లో ఉంది. జానపద పరిశోధకుడు బిరుదురాజు రామరాజు పల్లెలు తిరిగి పోగుచేసిన పాటలతో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో అచ్చయింది. ఆ పని ఇప్పుడు మన దిక్కున తొందరగా జరగాలి. చందనవెల్లి పొలాల్లో పారిశ్రామిక వాడ వచ్చింది. నాట్లు, కలుపులు తగ్గిన చోట ఆ పాటలు పాడే సందర్భమే పోతుంది. పండుగ ఉంది గనక బతుకమ్మ పాటలు మాత్రం ఏటా ఒకసారైనా నోటికొస్తాయి, పని పాటలకు ఆ భాగ్యం లేదు.

అందుకే చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ పిల్లలకు ఒక మనవి. మీ అవ్వనో, పెద్దమ్మనో కూర్చోబెట్టి, ఆమె సరేనంటే ఫోన్లో పాట రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పని చేస్తూ పాడేదో, తారీఖుతో సహా రాయండి. సినిమావాళ్లకు ఒక్కటే కోరిక: పల్లె పాట తీసుకున్నప్పుడు, అది ఏ ఊళ్లో ఎవరి నోట దొరికిందో మొదటి రోజే తెర మీద వేయండి.