ఎండ్రకాయ పట్టు

సీసము దేహమున జొచ్చినచో మెదడును, మూత్రపిండములను చెఱచును. అది మితిమీరినపుడు వైద్యులు ఇ.డి.టి.ఎ. అను మందును సిరలోనికి ఎక్కింతురు. ఎండ్రకాయ పటకారు వంటి కాళ్ళతో ఎరను బిగించినట్లు, ఈ మందు లోహపు కణమును బంధించి మూత్రముతో వెలికి గొనిపోవును. ఎండ్రకాయ పటకారు కాలిని తెలుపు గ్రీకు పదము నుండియే ఈ చికిత్సకు 'కిలేషన్' అను పేరు వచ్చినది.

అయితే ఆ పట్టునకు తన పర భేదము లేదు. సీసముతోపాటు దేహమునకు కావలసిన జింకును సైతము లాగుకొనిపోవును. కాల్షియము మాట మఱింత భయంకరము. ఈ మందు రెండు రకములు. ఒకదానిలో కాల్షియమును ముందే చేర్చియుంతురు. సీసము తగులగానే అది కాల్షియమును విడిచి సీసమును పట్టును. రెండవదానిలో కాల్షియము లేదు, సోడియము మాత్రమే కలదు. అది నెత్తుటిలోని కాల్షియమునే పట్టుకొనును. నెత్తుట కాల్షియము హఠాత్తుగా తగ్గినచో కండరములు బిగుసుకొనును, గుండె లయ తప్పి ఆగిపోవును. ఎముకలలో కాల్షియము ఎంత నిలువయున్నను ఆ వేగమునకు అందిరాదు.

ఇంత భేదమున్నను, ఈ రెండు మందుల పేర్లు మాత్రము కవలలవలె నుండును! 2005వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున సీసము సోకిన రెండేండ్ల బాలికకు మొదటిదానికి మాఱుగా రెండవది ఎక్కించిరి. ఆమె మరణించెను. అదే యేట పెన్సిల్వేనియాలో ఆటిజము గల అయిదేండ్ల బాలుడొకడు ఈ చికిత్స వలననే అసువులు బాసెను. ఆటిజమునకు అది మందే కాదు.

సీసపు విషమునకు నేడు కాల్షియము కలిసిన మందునే వాడుదురు. అప్పుడును నెత్తుటిని, మూత్రపిండముల పనిని పలుమార్లు పరీక్షించుచుందురు.